సమాచారం చేతిలో ఉన్నా యుద్ధాన్ని ఎందుకు పసిగట్టలేకపోతారు? నిఘా సేకరణ, ప్రమాద అంచనాపై ఒక సమాధానం

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. ఉపగ్రహాలు, వేగులు, సంభాషణలు వినే పరికరాలు ఇన్ని పెట్టుకున్న దేశాలు కూడా శత్రువు దాడి చేసిన రోజున నివ్వెరపోవడం ఎందుకన్నది మొదటిది. అంతర్జాతీయ భద్రతలో ప్రమాదాన్ని నిజంగా అంకెల్లో లెక్కించగలరా అన్నది రెండోది. ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి ఏం నేర్చుకోవాలన్నది మూడోది. విదేశాల్లో పెట్టుబడులు పెట్టే సంస్థలకూ, ఓడల యజమానులకూ రాజకీయ, భద్రతా ప్రమాదాల అంచనాలు రాయడం చాలాకాలంగా నా వృత్తి కనుక ఆ వైపు నుంచి సమాధానం చెబుతాను. ప్రభుత్వ నిఘా సంస్థల లోపలి పని గురించి నేను చెప్పేదంతా విచారణ సంఘాల నివేదికల నుంచీ, తర్వాతి కాలంలో బయటికొచ్చిన పత్రాల నుంచీ తెలుసుకున్నదే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చరిత్రలో పేరుపడిన నిఘా వైఫల్యాల్లో సమాచారం దొరకక జరిగినవి తక్కువ. శత్రువు ఎలా ఆలోచిస్తాడన్న విషయంలో ఒక నమ్మకం ముందుగానే గట్టిపడిపోయి, చేతికొచ్చిన ప్రతి సమాచారాన్నీ ఆ నమ్మకానికి అనుగుణంగానే చదువుకోవడం వల్ల జరిగినవే ఎక్కువ. అందుచేత సేకరణను ఎంత పెంచినా, ఆ నమ్మకాన్ని పరీక్షించే పద్ధతి లేకపోతే ప్రయోజనం అంతంతమాత్రమే.

ప్రమాదాన్ని మేము నాలుగు ప్రశ్నలుగా విడదీసుకుంటాం. ఎదుటివాడికి దెబ్బ తీసే సామర్థ్యం ఉందా, ఆ ఉద్దేశం ఉందా, మనలో అతనికి అందే బలహీనత ఏది, దెబ్బ తగిలితే జరిగే నష్టం ఎంత. వీటిలో సామర్థ్యాన్ని చాలావరకు లెక్కపెట్టవచ్చు. ట్యాంకులు, క్షిపణులు, ఇంధన నిల్వలు, వంతెన సామగ్రి కంటికి కనిపించే వస్తువులు. ఉద్దేశం కొద్దిమంది మనసుల్లో ఉంటుంది, ఒక్క సమావేశంతో మారిపోగలదు, ఒక్కోసారి వాళ్లకే ఇంకా తేలి ఉండదు. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను వాతావరణ శాఖ బులెటిన్ చదివి దారి మార్చుకోదు. శత్రువు మాత్రం మనం ఏం గమనిస్తున్నామో తెలుసుకుని, దానికి తగ్గట్టు తన నడక మార్చుకుంటాడు. ప్రకృతి విపత్తుల అంచనాలో పనికొచ్చే గణాంక పద్ధతులు ఇక్కడ సగంలోనే ఆగిపోవడానికి కారణం ఇదే.

ఉద్దేశం ఎంత వేగంగా మారుతుందో ఎర్రసముద్రం చూపించింది. యెమెన్‌లోని సాయుధ వర్గమైన హూతీల దగ్గర క్షిపణులు, డ్రోన్లు ఉన్నాయన్నది 2023కు ముందే అందరికీ తెలిసిన సంగతి. అయినా ఎర్రసముద్రానికి దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి గుండా వాణిజ్య నౌకలు మామూలుగానే తిరిగాయి. గాజా యుద్ధం మొదలయ్యాక 2023 నవంబరు 19న వాళ్లు హెలికాప్టర్ నుంచి దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. సామర్థ్యంలో పెద్ద మార్పేమీ లేదు, మారింది ఉద్దేశమే. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే ఆ దారిన వెళ్లే ఓడలకు యుద్ధ ప్రమాద బీమా ప్రీమియం, ఓడ విలువలో ఒక శాతానికి చిన్న వంతుగా ఉన్నది, దాదాపు 1 శాతం దాకా పెరిగింది. బలహీనత కూడా అన్ని ఓడలకూ సమానం కాదు. యజమాని ఎవరు, ఏయే రేవులకు వెళ్లింది అన్న బహిరంగ వివరాలను, అవి పాతబడిపోయినవైనా సరే, హూతీలు లక్ష్యాల ఎంపికకు వాడుకున్నారు. కనుక ఎప్పుడో చేతులు మారిన ఓడ కూడా పాత యజమాని పేరుతోనే చిక్కుల్లో పడవచ్చు. 2024 జనవరి 26న క్షిపణి తగిలి మంటలంటుకున్న మార్లిన్ లువాండాలో ఉన్న సిబ్బందిలో 22 మంది భారతీయులు. ఆ మంటలార్పడానికి వెళ్లింది మన నౌకాదళపు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. ఓడ ఏ దేశపు జెండాతో తిరుగుతున్నా అందులో పనిచేసేది మనవాళ్లు కావచ్చన్న సంగతిని పర్యవసానాల లెక్క వేసేటప్పుడు తరచుగా మరిచిపోతుంటారు.

ఇక సేకరణ. మనుషుల ద్వారా వచ్చేది, సంకేతాలను వినడం ద్వారా వచ్చేది, ఉపగ్రహాలూ విమానాలూ తీసిన చిత్రాలు, పత్రికలు, సామాజిక మాధ్యమాలు, ఓడలూ విమానాలూ తమ స్థానాన్ని తామే ప్రకటించే సంకేతాలు వంటి బహిరంగ వనరులు అని స్థూలంగా నాలుగు దారులు చెబుతారు. ఈ వర్గీకరణ ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఆగను. అంతకంటే ముఖ్యమైనది సేకరణను ప్రశ్నతో మొదలుపెట్టడం. ‘ఆ దేశం గురించి దొరికిందల్లా తీసుకురండి’ అంటే గుట్టలు గుట్టలుగా కాగితాలు వస్తాయి. ‘నది దాటే వంతెన సామగ్రి డిపోల నుంచి ముందుకు కదిలిందా, క్షేత్ర ఆసుపత్రులు తెరిచారా, రక్తం నిల్వలు పెంచారా’ అని అడిగితే సమాధానం వస్తుంది. విన్యాసాలకూ యుద్ధానికీ మధ్య తేడా చాలాసార్లు ఇటువంటి చిన్న చిన్న ఖర్చుల్లోనే బయటపడుతుంది, ఎందుకంటే నాటకం ఆడేవాడు ఖరీదైన, పాడైపోయే వస్తువుల మీద డబ్బు పెట్టడు.

వచ్చిన సమాచారానికి రెండు మార్కులు వేసే పద్ధతి నాటో దేశాల్లో ఉంది. చెప్పినవాడు ఎంత నమ్మదగినవాడన్నది ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరంతో, చెప్పిన మాట ఎంత నమ్మదగినదన్నది 1 నుంచి 6 వరకు అంకెతో విడివిడిగా గుర్తిస్తారు. మంచివాడు కూడా తప్పుడు మాట మోసుకురావచ్చు, అబద్ధాలకోరు నోటి నుంచి కూడా ఒకనాడు నిజం రావచ్చు కనుక ఈ రెంటినీ కలపకూడదు. కౌటిల్యుడు ఈ సమస్యను మరో వైపు నుంచి చూశాడు. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు వేగులు ఒకే మాట చెబితే నమ్మమన్నాడు. ఆ నియమంలో ప్రాణమంతా ‘ఒకరినొకరు ఎరుగని’ అన్న షరతులోనే ఉంది.

ఆ షరతును మరిచిపోతే ఏమవుతుందో ఇరాక్ వ్యవహారంలో చూడవచ్చు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ వాహనాల మీద జీవాయుధ ప్రయోగశాలలు నడుపుతున్నాడని చెప్పినవాడు జర్మన్ నిఘా సంస్థ ఆధీనంలో ఉన్న ఒక ఇరాకీ శరణార్థి. అతనికి పెట్టిన సంకేతనామం కర్వ్‌బాల్. అమెరికా రక్షణ నిఘా సంస్థ అతన్ని స్వయంగా ప్రశ్నించకుండానే అతని మాటల ఆధారంగా వందకు దగ్గరగా నివేదికలు పంపిణీ చేసింది. అన్ని నివేదికలు కనిపించేసరికి అన్ని ఆధారాలున్నాయన్న భ్రమ కలిగింది. మూలం మాత్రం ఒక్కడే. అతని మాటలను బలపరిచినట్టు కనిపించిన ఇతర వనరుల్లో ఒకటి కట్టుకథ అని 2002లోనే ముద్ర వేయించుకున్నది. అయినా 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఆ ప్రయోగశాలల గురించి చెప్పారు. అమెరికా ఇరాక్‌పై దాడి చేశాక వెతికితే అటువంటివేవీ దొరకలేదు. 2011లో ఆ వ్యక్తే తాను అబద్ధమాడానని ఒప్పుకున్నాడు.

ఇరాక్ విషయంలో లేనిది ఉందనుకున్నారు. దానికి సరిగ్గా ఎదురుగా, కళ్లముందున్నది లేదనుకున్న ఘటన 1973 అక్టోబరు యుద్ధం. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ ఏడాది అక్టోబరు 6 మధ్యాహ్నం రెండు గంటల వేళ ఈజిప్టు సూయజ్ కాలువ మీదుగా, సిరియా గోలన్ పీఠభూమి మీదుగా ఒకేసారి దాడి చేశాయి. కాలువ ఒడ్డున ఉన్న ఇజ్రాయెలీ కోటల్లో అప్పుడు ఐదు వందల మంది కూడా లేరు. గోలన్‌లో సిరియా దించిన సుమారు 1,400 ట్యాంకులకు ఎదురుగా ఇజ్రాయెల్‌వి 180 లోపు. ఆ దేశపు సైన్యంలో అధిక భాగం ఇళ్లలో ఉండే రిజర్వు సైనికులే కాబట్టి వారిని పిలిపించి సరిహద్దుకు చేర్చడానికి కనీసం 48 గంటల ముందస్తు హెచ్చరిక ఇస్తామన్నది సైనిక నిఘా విభాగం అమాన్ ఇచ్చిన హామీ. రక్షణ ప్రణాళిక మొత్తం ఆ హామీ మీదే నిలబడింది.

అమాన్ అధిపతి ఎలీ జైరా, ఆయన విశ్లేషకులు నమ్మిన సూత్రం సరళమైనది. ఇజ్రాయెల్ లోపలి వైమానిక స్థావరాలను దెబ్బతీయగల దూరశ్రేణి బాంబర్లు, స్కడ్ క్షిపణులు చేతికొచ్చేదాకా ఈజిప్టు యుద్ధానికి దిగదు. ఈజిప్టు లేకుండా సిరియా ఒంటరిగా రాదు. తర్వాతి కాలంలో దీన్ని అందరూ మూర్ఖపు నమ్మకమని ఎగతాళి చేశారుగానీ, అది న్యాయం కాదని నేనంటాను. ఆ సూత్రం అత్యుత్తమ స్థాయి రహస్య సమాచారం మీద కట్టినది. ఈజిప్టు నాయకత్వం కొంతకాలం పాటు నిజంగానే అలా ఆలోచించింది. ఇజ్రాయెల్‌కు ఆ సమాచారం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఈజిప్టు మాజీ అధ్యక్షుడు నాసర్ సొంత అల్లుడు అష్రఫ్ మర్వాన్. అయితే 1972 అక్టోబరు చివర్లో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ తన సేనాధిపతులను పిలిచి లక్ష్యాన్నే మార్చేశాడు. ఇజ్రాయెల్ ఆధీనంలో ఉన్న సినాయ్ మొత్తం తిరిగి గెలవడం కాదు, కాలువ దాటి కొద్ది కిలోమీటర్లు ఆక్రమించి, నేల మీది నుంచి ప్రయోగించే విమాన విధ్వంసక క్షిపణుల నీడలో నిలదొక్కుకుని, అగ్రరాజ్యాలను చర్చలకు లాగడమే ఉద్దేశం. ఆ చిన్న లక్ష్యానికి దూరశ్రేణి బాంబర్లు అక్కర్లేదు. కాలువ ఒడ్డున ఇజ్రాయెల్ పోసిన ఇసుక కట్టను నీటి పంపులతో కరిగించి దారులు చేసుకోవడం దగ్గర నుంచి ప్రతిదీ ఆ చిన్న లక్ష్యానికి సరిపోయేలా సాధన చేశారు. నిన్నటిదాకా నిజమైన సూత్రం ఒక సమావేశంతో పాతబడిపోయింది, అమాన్ మాత్రం పాత సూత్రంతోనే కొత్త సంవత్సరాన్ని చదివింది.

ఇక సూచనల సంగతి చూడండి. 1973 సెప్టెంబరు 25న జోర్డాన్ రాజు హుస్సేన్ రహస్యంగా టెల్ అవీవ్ దగ్గరకు వచ్చి, సిరియా సేనలు యుద్ధానికి సిద్ధంగా మోహరించాయనీ, ఈజిప్టు వారితో కలుస్తుందనీ ప్రధాని గోల్డా మెయిర్‌కు చెప్పాడు. అక్టోబరు 1న ఇజ్రాయెల్ దక్షిణ కమాండ్‌లో పనిచేసే లెఫ్టినెంట్ బెంజమిన్ సిమాన్‌తోవ్, ఈజిప్టు చేస్తున్న విన్యాసాలు అసలు దాడికి ముసుగు కావచ్చని కాగితం మీద రాశాడు. ఆయన పైఅధికారి దాన్ని పైకి పంపలేదు. 4వ తేదీ రాత్రి నుంచి సోవియట్ సలహాదారుల కుటుంబాలు ఈజిప్టు, సిరియాలను హడావిడిగా విడిచి వెళ్లాయి. ఆ రోజు తీసిన గగనతల చిత్రాల్లో కాలువ వెంట మునుపెన్నడూ లేనంత ఫిరంగి దళం కనిపించింది. 5వ తేదీన అమాన్ ఒక సుదీర్ఘ నివేదిక ఇచ్చింది. అందులో ఈ సూచనలన్నీ వరుసగా ఉన్నాయి. అంతా చెప్పి 40వ పేరాలో, కాలువ వెంట మోహరింపు దాడికి సన్నాహంలా కనిపిస్తున్నప్పటికీ, బలాబలాలపై ఈజిప్టు అంచనా మారలేదని తాము భావిస్తున్నందున యుద్ధ సంభావ్యత తక్కువేనని తేల్చింది. ఆధారాలన్నీ ఒక వైపు, తీర్పు మరో వైపు ఉన్న ఇటువంటి నివేదిక చరిత్రలో అరుదు.

దీనికి రెండు సంగతులు తోడయ్యాయి. అదే ఏడాది వసంతంలో కూడా యుద్ధం వస్తుందని మర్వాన్‌తో సహా పలువురు హెచ్చరించారు, సైన్యం ఖరీదైన ఏర్పాట్లు చేసుకుంది, యుద్ధం రాలేదు. రాదని చెప్పిన జైరా మాటకు దాంతో విలువ పెరిగిపోయింది. ఒకసారి నిజమైన అంచనాకు సరైన తర్కం కారణమా, అదృష్టం కారణమా అని ఎవరూ అడగలేదు. రెండోది ఇంకా తీవ్రమైనది. ఈజిప్టు సైన్యపు సమాచార తీగల మీద అత్యవసర సమయంలో వినేందుకు అమర్చిన ప్రత్యేక పరికరాలు ఇజ్రాయెల్ దగ్గర ఉన్నాయి. అవి ఏమీ పట్టుకోలేదంటే ప్రమాదం లేనట్టేనని సైనిక ప్రధానాధికారి డేవిడ్ ఎలాజార్ ధైర్యపడ్డాడు. నిజానికి జైరా వాటిని పూర్తిగా పనిలోకి దించనేలేదు. మౌనంగా ఉన్న పరికరం శత్రువు మౌనంగా ఉన్నాడని చెబుతోందో, తానే ఆపివేసి ఉందో తెలియకుండా ఆ మౌనాన్ని ఆధారంగా తీసుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడ కనిపిస్తుంది. నేను సమీక్షించే ప్రతి అంచనాలో ‘ఆధారాలు లేవు’ అన్న వాక్యం కనిపించగానే, ‘వెతికాక లేవా, వెతక్కుండానే లేవా’ అని పక్కన రాసి వెనక్కి పంపుతాను.

5వ తేదీ రాత్రి లండన్‌లో ఇజ్రాయెల్ విదేశీ నిఘా సంస్థ మొసాద్ అధిపతి జ్వీ జమీర్ స్వయంగా మర్వాన్‌ను కలిశాడు. మరునాడు సూర్యాస్తమయానికి యుద్ధమన్నాడు మర్వాన్. ఆ కబురు తెల్లవారుజామున చేరింది, యుద్ధం మధ్యాహ్నమే మొదలైంది. 48 గంటల హామీలో మిగిలింది పది గంటల పైచిలుకు. ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ 2,600 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. ఈ వైఫల్యంపై విచారణ జరిపిన అగ్రానాట్ కమిషన్ 1974 ఏప్రిల్ 1న ఇచ్చిన మధ్యంతర నివేదికతో జైరా, ఎలాజార్ పదవులు పోయాయి, పది రోజులకు గోల్డా మెయిర్ రాజీనామా ప్రకటించారు.

ఇక్కడే మీ రెండో ప్రశ్న వస్తుంది. ‘సంభావ్యత తక్కువ’ అంటే ఎంత? 1951లో అమెరికా నిఘా వర్గాలు యుగోస్లావియాపై సోవియట్ కూటమి దాడి జరిగే అవకాశాన్ని ‘గట్టిగా పరిగణించవలసిన అవకాశం’ అన్న అర్థం వచ్చే మాటలతో అంచనా వేశాయి. ఆ పత్రంపై పనిచేసిన సీఐఏ విశ్లేషకుడు షెర్మన్ కెంట్‌ను విదేశాంగ శాఖ అధికారి ఒకరు అది ఎంత శాతమని అడిగితే, తన లెక్కలో 65 శాతమని చెప్పాడు. అడిగినాయన చాలా తక్కువ అనుకుంటున్నాడు. కెంట్ వెనక్కి వెళ్లి అదే పత్రాన్ని ఆమోదించిన సహచరులను అడిగి చూస్తే, ఒకరు 20 శాతమంటే మరొకరు 80 శాతమన్నారు. అందరూ ఒకే వాక్యం కింద సంతకం పెట్టారు, ఎవరి యుద్ధం వారిదే! ఆ తర్వాత కెంట్ ఒక పట్టిక ప్రతిపాదించాడు. దాని ప్రకారం ‘దాదాపు తప్పదు’ అంటే 93 శాతం అటూఇటూ 6, ‘బహుశా జరుగుతుంది’ అంటే 75 అటూఇటూ 12, ‘బహుశా జరగదు’ అంటే 30 అటూఇటూ 10. అంకెలు వేస్తే అంచనా శాస్త్రీయమైపోదు. కానీ ఏ విషయంలో విభేదిస్తున్నామో తెలుస్తుంది, తర్వాత సరిచూసుకోవడానికి వీలవుతుంది. కాబట్టి, లెక్కించగలరా అంటే ఖచ్చితంగా లెక్కించలేరు, అయినా అంకె చెప్పి తీరాలి అన్నది నా సమాధానం.

అంకెకు మరో ఉపయోగం ఉంది. ముందుజాగ్రత్తకు అయ్యే ఖర్చు, జరగబోయే నష్టంలో తప్పించగలిగినదానికి 20వ వంతు అనుకుందాం. అప్పుడు సంభావ్యత 5 శాతం దాటిన క్షణం నుంచే జాగ్రత్తపడటం లాభసాటి. అంటే ‘యుద్ధం జరగకపోవచ్చు’ అన్న అంచనా, ‘రిజర్వు సైన్యాన్ని పిలవండి’ అన్న సలహా ఒకే కాగితం మీద ఉండవచ్చు, వాటి మధ్య వైరుధ్యం లేదు. 1973 అక్టోబరు 5న జైరా సంభావ్యత తక్కువ అనడంకన్నా, ఆ మాట విన్నవారు దాన్ని ‘ప్రమాదం తక్కువ’ అని అర్థం చేసుకోవడం పెద్ద తప్పని నా ఉద్దేశం. సంభావ్యత విశ్లేషకుడు చెప్పాలి. దాన్ని నష్టంతో గుణించి ఎంత భరించగలమో తేల్చుకోవడం పాలకుడి పని. ఎప్పుడైతే ఒకరి పని మరొకరు చేస్తారో, అంటే విశ్లేషకుడు పాలకుడికి ఖర్చు ఆదా చేయడానికి అంకె తగ్గించినా, పాలకుడు తనకు నచ్చిన విధానం కోసం అంకె పెంచమన్నా, లెక్క చెడిపోతుంది.

ఇదంతా పాతకాలపు కథ అనుకుంటే 2022 చూడండి. ఉక్రెయిన్ సరిహద్దులో రష్యా సేనలు చేరుతున్న చిత్రాలు ప్రైవేటు ఉపగ్రహ సంస్థలు పత్రికలకే అందించాయి. దాడి తప్పదని అమెరికా, బ్రిటన్ నెలల ముందు నుంచి బహిరంగంగా చెప్పాయి. ఫ్రాన్స్ నిఘా విభాగాలు మాత్రం, ఉక్రెయిన్‌ను ఆక్రమించడానికి అయ్యే ఖర్చు భయంకరంగా ఉంటుంది కనుక రష్యా మరో దారి ఎంచుకుంటుందని భావించాయి. ఫ్రెంచ్ సైన్యాధిపతే తర్వాత ఆ సంగతి ఒప్పుకున్నారు, సైనిక నిఘా అధిపతి పదవి పోయింది. ఖర్చు విషయంలో ఫ్రెంచివారి లెక్క నిజమే అయింది. వారు పొరబడింది పుతిన్ కూడా అదే లెక్క వేసుకుంటాడనుకోవడంలో. మరోవైపు దాడిని సరిగ్గా చెప్పిన అమెరికా, కీవ్ కొద్ది రోజుల్లో పడిపోతుందన్న అంచనాలో తప్పింది. ట్యాంకులను లెక్కపెట్టినంత సులువుగా పోరాడాలన్న పట్టుదలను లెక్కపెట్టలేరు. దాడి వస్తుందా అన్నదీ, వస్తే ఏమవుతుందన్నదీ రెండు వేరువేరు అంచనాలు. ఒకదానిలో నెగ్గినవారికి రెండోదానిలోనూ మార్కులు వేయకూడదు.

ఆ నెలల్లో మన తెలుగు రాష్ట్రాల్లో అనేక కుటుంబాలు తెలియకుండానే ప్రమాద అంచనా వేయవలసి వచ్చింది. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న పిల్లలకు, అక్కడ ఉండటం తప్పనిసరి కాకపోతే తాత్కాలికంగా బయటికి రావడం గురించి ఆలోచించమని భారత రాయబార కార్యాలయం ఫిబ్రవరి 15న సూచించింది. యుద్ధం 24న మొదలైంది. విశ్వవిద్యాలయాలు తరగతులు ఆపలేదు, హాజరు పోతుందన్న భయం ఒకటి, పెరిగిన టికెట్ ధర మరొకటి. టికెట్ ఖర్చు కచ్చితంగా తెలిసినది, యుద్ధం అనుమానంగా ఉన్నది. తెలిసిన చిన్న నష్టాన్ని తప్పించుకోవడానికి తెలియని పెద్ద నష్టాన్ని భరించడం మనిషి సహజ గుణం. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టను, ఎందుకంటే ‘ఆలోచించండి’ అన్న సూచనలో సంభావ్యత ఎంతో, ఏ తేదీ దాటితే విమానాలు ఆగిపోవచ్చో లేదు. చివరికి ఆపరేషన్ గంగలో పొరుగు దేశాల మీదుగా వేలమందిని తీసుకురావలసి వచ్చింది.

మన దేశపు అనుభవంలో కార్గిల్ గురించి చెప్పకుండా ఈ సమాధానం పూర్తికాదు, అయితే అది వేరే రకం జబ్బు. 1999 మే మొదట్లో బటాలిక్ ప్రాంతపు పశుల కాపరులు చూసి చెప్పేదాకా పాకిస్తాన్ సేనల చొరబాటు సంగతి తెలియలేదు. కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం, ఇది ప్రభుత్వానికీ సైన్యానికీ నిఘా సంస్థలకూ పూర్తిగా ఊహించని ఘటన అని తేల్చింది. ఇక్కడా ఒక గట్టిపడిన నమ్మకం ఉంది. ఆ మంచు శిఖరాల మీద చలికాలంలో సేనలను నిలిపి, సరఫరాలు అందించడం సాధ్యం కాదు కనుక పెద్ద చొరబాటు జరగదని. ఫిబ్రవరిలోనే రెండు దేశాల మధ్య శాంతి కోసం లాహోర్ ప్రకటన వెలువడి ఉండటం ఆ నమ్మకాన్ని మరింత బలపరిచింది. కానీ ఇజ్రాయెల్‌కు ఉన్నట్టుగా కుప్పలుగా సూచనలు ఒక్క బల్ల మీదికి చేరలేదు. తునకలు వేర్వేరు సంస్థల దగ్గర ఉండిపోయాయి. 1998 జూన్‌లో ఇంటెలిజెన్స్ బ్యూరో పంపిన ఒక హెచ్చరిక, దాన్ని ఇతర సమాచారంతో కలిపి చూడవలసిన విదేశీ నిఘా సంస్థ రాకూ సంయుక్త నిఘా సంఘానికీ చేరనేలేదు. సేకరించినవాడికి దాని విలువ తెలియదు, విలువ తెలిసినవాడికి అది అందదు. ఆ తర్వాత ఏర్పడిన రక్షణ నిఘా సంస్థ, జాతీయ సాంకేతిక పరిశోధన సంస్థ, బహుళ సంస్థల కేంద్రం వంటివన్నీ ఈ లోపాన్ని పూడ్చడానికి పుట్టినవే. వ్యవస్థలు పెరిగినంత మాత్రాన కాగితాలు పంచుకునే అలవాటు దానంతటదే రాదని కూడా చెప్పాలి. 2008 ముంబయి దాడులకు ముందు సముద్ర మార్గం గురించి, హోటళ్ల గురించి హెచ్చరికలు వచ్చాయన్నది అందరికీ తెలిసినదే.

గట్టిపడిన నమ్మకానికి మందు ఏమిటని మీరు అడగవచ్చు. ఇజ్రాయెల్ 1973 తర్వాత అమాన్‌లోనే ఒక ప్రత్యేక విభాగాన్ని పెట్టింది. అందరూ ఒప్పుకున్న అంచనాకు ఎదురు వాదన రాయడమే దాని ఉద్యోగం. మంచి ఆలోచనే. కానీ యాభై ఏళ్లు గడిచి ఒక్క రోజు దాటాక, 2023 అక్టోబరు 7న, హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ దాడికి చాలా పోలికలున్న హమాస్ ప్రణాళిక పత్రం ఏడాదికి పైగా ముందే ఇజ్రాయెల్ చేతికి చిక్కిందనీ, అది హమాస్ శక్తికి మించిన పని అని పక్కన పెట్టారనీ, 2023 జులైలో ఒక విశ్లేషకురాలు హెచ్చరించినా పైవారు పట్టించుకోలేదనీ న్యూయార్క్ టైమ్స్ ఆ నవంబరు చివర్లో వెల్లడించింది. ఎదురు వాదన రాయడాన్ని ఒక విభాగపు దైనందిన విధిగా మారిస్తే, మిగతావారు దాన్ని ‘వాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు’ అని చదవకుండానే దాటేస్తారు.

నాకు పనికొచ్చిన పద్ధతి అంతకంటే చిన్నది, చవకైనది. ప్రతి అంచనా చివర, ‘కింది వాటిలో ఏవి కనిపిస్తే ఈ అంచనాను నేనే వెనక్కి తీసుకుంటాను’ అని శీర్షిక పెట్టి, పరిశీలించదగిన గుర్తులు తేదీలతో సహా ముందుగానే రాయించడం. ముందే రాసిపెట్టుకుంటే, ఆ గుర్తు నిజంగా కనిపించిన రోజున దానికి కొత్త వివరణ వెతుక్కోవడం కష్టమవుతుంది. సోవియట్ కుటుంబాలు ఖాళీ చేసి వెళితే యుద్ధ సంభావ్యత ఎంత పెంచాలో అమాన్ సెప్టెంబరులోనే రాసి ఉంటే, 5వ తేదీన 40వ పేరా అలా రాయడం తేలిక అయ్యేది కాదు. దీనితోపాటు, పోటీ వివరణలను పక్కపక్కన పెట్టి, ప్రతి ఆధారం దేన్ని బలపరుస్తోందని కాక దేన్ని కొట్టిపారేస్తోందని అడగాలి. సేనలు సరిహద్దుకు రావడం విన్యాసానికీ సరిపోతుంది, దాడికీ సరిపోతుంది, కాబట్టి అది దేన్నీ తేల్చదు. స్నేహ దేశపు కుటుంబాలు పారిపోవడం విన్యాసానికి సరిపోదు.

మూడో ప్రశ్నకు వస్తే, కోర్సుల పేర్లకంటే అలవాట్ల గురించే చెప్పగలను. అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు ఎలాగూ చదువుతారు. వాటితోపాటు ఉపగ్రహ చిత్రాలు చదవడం, ఓడల కదలికలు చూపించే ఉచిత వెబ్‌సైట్లు వాడటం, ఒక ఫొటో ఎక్కడ, ఎప్పుడు తీశారో నీడలనూ భవనాలనూ బట్టి తేల్చడం సాధన చేయండి. 2014 జులైలో 298 మందితో కూలిన మలేసియా విమానాన్ని పడగొట్టిన క్షిపణి వాహనం ఏ దారిన వచ్చిందో సామాన్యులు ఫోన్లలో తీసిన చిత్రాలతోనే బహిరంగ వనరులతో పనిచేసే పరిశోధకులు గుర్తించారు. గణాంకాల్లో షరతులతో కూడిన సంభావ్యత (ఒక సంగతి తెలిశాక మరొకటి జరిగే అవకాశం ఎంత అన్నది) వరకైనా గట్టిగా నేర్చుకోండి. కార్గిల్ సమీక్షా నివేదికను మూలంలోనే చదవండి. కొన్ని భాగాలు తొలగించినా మిగిలినది చాలా విలువైనది. ఇంటెలిజెన్స్ బ్యూరో సహాయ అధికారుల నియామక పరీక్ష పట్టభద్రులకు తెరిచి ఉంటుంది. ప్రైవేటు రంగంలో బీమా, షిప్పింగ్, ఇంధన సంస్థలు, హైదరాబాద్, బెంగళూరుల్లో అంతర్జాతీయ కంపెనీలు నడిపే భద్రతా పర్యవేక్షణ కేంద్రాలు విశ్లేషకులను తీసుకుంటాయి.

ఇవాళే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. రాబోయే ఆరు నెలల్లో తేలిపోయే పది ప్రశ్నలు ఎంచుకోండి. ఫలానా కాల్పుల విరమణ ఫలానా తేదీ దాకా నిలుస్తుందా, ఫలానా జలసంధిలో నౌకా రవాణా సగానికి పైగా తగ్గుతుందా వంటివి. ప్రతిదానికీ శాతం రాసి, కారణం రెండు వాక్యాల్లో రాసి, ఏది కనిపిస్తే మనసు మార్చుకుంటారో రాసి, తేదీ వేసి దాచుకోండి. ఆరు నెలల తర్వాత 70 శాతమని రాసినవాటిలో పదికి ఏడు జరిగాయో లేదో చూడండి. మొదటి విడతలో దాదాపు అందరికీ 90 శాతమని రాసినవే అనుకున్నదానికంటే ఎక్కువగా తప్పుతాయి. ఇంకా సమయం మిగిలితే ఒక పొరుగు భాష నేర్చుకోండి. హైదరాబాద్‌లో పెరిగినవారికి ఉర్దూ మాట్లాడటం ఎలాగూ వచ్చి ఉంటుంది కనుక లిపి కూడా నేర్చుకుంటే పాకిస్తాన్ పత్రికలు నేరుగా చదవగలుగుతారు. చైనా భాష చదవగలిగే విశ్లేషకులకైతే మన దేశంలో ఇప్పటికీ తీవ్రమైన కొరత ఉంది.